బావ వదిలి వెళ్ళిన గోలు

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్లంబరుకి ఒకటే కోరిక. ఆ గోలు తను చెప్పాలి. ఒక్కసారి చెప్తే చాలు.

కొట్టాలని కాదు. గోలు ఎప్పుడో కొట్టేశారు. చెప్పాలని.

ఆ ఊళ్ళో సబ్బుల ఫ్యాక్టరీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. పగలంతా సబ్బులు కోసి, సాయంత్రం బంతి తన్నేవాళ్ళు. ఎదుటి ఊరి హార్బరు జట్టు వాళ్ళు వీళ్ళని నురగ గాళ్ళు అనేవారు. హార్బరు జట్టుకి స్టేడియం ఉంది, దానికి పైకప్పు కూడా ఉంది. సబ్బు జట్టు గ్రౌండుకి గోడ కూడా లేదు. పై డివిజన్‌కి ఎవరు వెళ్ళాలో తేల్చడానికి ఆ ఏడాది ఇద్దరికీ హార్బరు స్టేడియంలో ప్లేఆఫ్ మ్యాచ్ పెట్టారు. సబ్బు జట్టు ఎనిమిది గోల్స్ తేడాతో ఓడిపోతుందని హార్బరు పేపరు ముందే రాసేసింది. తీరా ఆడితే సబ్బు జట్టు ఒక్క గోలుతో గెలిచింది. డెబ్భై ఒకటో నిమిషంలో పడింది గోలు. మర్నాడు హార్బరు పేపరు ఆ మ్యాచ్ గురించి ఒకే ఒక్క వాక్యం రాసింది. అందులో సగం వాన గురించే.

అప్పట్లో ఆ మ్యాచ్‌లని ఎవరూ ఫిల్ము తీసేవారు కాదు. అందుకని గెలుపుని దాచుకోవడానికి నోరు తప్ప వేరే దారి లేకపోయింది.

ప్రతి ఏడూ అదే తారీఖున, మ్యాచ్ మొదలైన వేళకే, అంటే మధ్యాహ్నం మూడింటికి, టైలరు షాపులో నలుగురు చేరేవారు. షట్టరు సగం దించేవారు. టైలరు మిషను మీద అలారం గడియారం పెట్టి, నోటితోనే విజిల్ వేసేవాడు. అక్కణ్ణుంచి మ్యాచ్ మొత్తం చెప్పుకునేవారు. నలభై అయిదు నిమిషాల ఆటని నలభై అయిదు నిమిషాలే చెప్పాలి. తగ్గకూడదు, పెరగకూడదు. ఎవరు ఏ ముక్క చూశారో ఆ ముక్కే చెప్పాలి. కళ్ళతో చూసింది, చెవులతో విన్నది తప్ప ఇంకోటి నోట్లోంచి రాకూడదు. ఇది టైలరు పెట్టిన రూలు. కొలత తప్పితే ఒప్పుకోని మనిషి.

మొదటి సగం పోస్టుమేనుది. నలభై నాలుగో నిమిషంలో తోపులాటలో ఆయన కళ్ళజోడు కిందపడి నలిగిపోయింది. అక్కడితో ఆయన వాటా సరి. 

రెండో సగంలో డెబ్భై ఒకటో నిమిషం దాకా టైలరుది. ఆయన మ్యాచ్ కోసం పన్నెండడుగుల జెండా ఒకటి కుట్టుకొచ్చాడు. సరిగ్గా డెబ్భై ఒకటో నిమిషంలో గాలి లేచి, ఆ జెండా వచ్చి ఆయన మీదా పోస్టుమేను మీదా పడింది. ఇద్దరూ దాని కింద కొట్టుకుంటుండగా గోలు పడిపోయింది. "అయినా చిరగలేదు, చూశారా," అంటాడు టైలరు ఇప్పటికీ. "డబుల్ కుట్టు వేశాను."

జెండా ఎత్తి బయటికి వచ్చేసరికి ఎదురుగా బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు, రొప్పుతూ. ఈయన ప్లంబరు అక్క మొగుడు. గోలు డ్రైవరు చూశాడు. అందుకని డెబ్భై ఒకటో నిమిషం నుంచి చివరిదాకా డ్రైవరుది. ఒక్క గోలునే పదకొండు నిమిషాలు చెప్పేవాడు. కార్నరు నుంచి బంతి లేవడం, సబ్బు జట్టులోని లేతు మిషను పనివాడు గాల్లోకి ఎగరడం, తల తగలడం, గోల్‌కీపరు మొహం. ఆ మొహానికే నాలుగు నిమిషాలు పట్టేది.

స్టేడియంలో వీళ్ళు నిలబడ్డ మూలే ఇంకో రెండొందల మంది సబ్బు జనం నిలబడ్డారు. వాళ్ళలో చూసినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ మాట షాపులో చెల్లదు. "వాళ్ళకి ఆట తెలీదు," అనేవాడు టైలరు. పోనీ గోలు కొట్టిన లేతు పనివాణ్ణి అడుగుదామా అంటే, ఆ రోజే అడిగారు. "కళ్ళు మూసుకున్నా, ఏదో తగిలింది," అన్నాడట. తర్వాత వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది ప్లంబరు. ప్లంబరుది హాఫ్ టైము.

హాఫ్ టైములో అతను స్టాండు కింద బాత్రూముకి వెళ్ళాడు. గడియ పడిపోయి ఇరుక్కుంది. మ్యాచ్ అయిపోయాక ఊడ్చే మనిషి వచ్చి తీసేదాకా లోపలే ఉన్నాడు. ప్లంబరయ్యుండి బాత్రూంలో ఇరుక్కున్నావేంట్రా అని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. "గడియ వడ్రంగి పని," అని అతను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాడు.

అందుకని లైన్లో నిలబడటం, ముందున్న మనిషి గొడుగు, గోడ మీద ఎవరో గీసిన బొమ్మ, ఇవీ అతని వాటాకి వచ్చినవి. పదిహేను నిమిషాలు. చెప్పడానికి అతనికి ఇబ్బంది లేదు. కానీ అది హాఫ్ టైము. హాఫ్ టైములో అందరూ టీకి వెళ్ళిపోయేవారు. అతను ఆ పదిహేను నిమిషాలూ కుట్టుమిషనుకి చెప్పుకునేవాడు. మధ్యలో ఆపితే టైలరు బయటినుంచే కేకేసేవాడు, "ఆగిందేం, ఇంకా ఆరు నిమిషాలుంది!" అని.

ఇలా ఉండగా డ్రైవరు జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు.

ప్లంబరు రోజూ మధ్యాహ్నం పని ఆపుకుని వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాడు. నిద్రపట్టిందా బావా, ఏమైనా తిన్నావా బావా, డాక్టరు ఏమన్నాడు బావా. గోలు మాట మటుకు ఎత్తలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషిని గోలు ఇస్తావా అని ఎలా అడుగుతాడు? పది రోజులు అలాగే కూర్చున్నాడు. పదకొండో రోజు, గురువారం, డ్రైవరే అన్నాడు.

"ఏరా, గోలు అడగవేం?"

"ఏ గోలు బావా?"

"నటించకు. నేను చెప్తున్నప్పుడల్లా నా నోటివంక చూస్తూ పెదాలు కదుపుతావ్. నాకు కనపడదనుకున్నావా? తీస్కో. నీకే ఇస్తున్నా."

ప్లంబరు పక్కనున్న మంచినీళ్ళ సీసా మూత బిగించాడు. అది బిగించే ఉంది.

"ఒక చిక్కుంది," అన్నాడు డ్రైవరు.

"ఏంటి బావా?"

"నేను చూళ్ళేదు."

"ఏది?"

"గోలు."

కిటికీ బయట ఎవరో స్ట్రెచరు తోసుకుపోతున్నారు. దాని చక్రం ఒకటి కీచుమంటోంది. ఆ చప్పుడు మెల్లగా దూరమైంది.

"నువ్వు హాఫ్ టైముకి వెళ్ళినవాడివి ఎంతకీ రావు," అన్నాడు డ్రైవరు. "మీ అక్క నిన్ను నా చేతికి అప్పజెప్పి పంపింది. తమ్ముణ్ణి తీసుకెళ్ళి తమ్ముడు లేకుండా వస్తే నా బతుకేం కావాలి? కిందికొచ్చా. పన్నెండు తలుపులున్నాయి. ఒక్కోటే కొట్టుకుంటూ వచ్చా. ఒక్కో దాంట్లోంచి ఒక్కో తిట్టు. పదకొండో తలుపు కొడుతుండగా పైన స్టేడియం అంతా కదిలిపోయింది. నువ్వు ఏమైతే అయ్యావని పైకి పరిగెత్తా."

"నేను పన్నెండోదాంట్లో ఉన్నా బావా."

"ఇప్పుడు చెప్తున్నావా?"

"అరుస్తూనే ఉన్నాగా."

"అందరూ అరుస్తూనే ఉన్నారు. మ్యాచ్ కదరా."

డ్రైవరు కాసేపు ఊపిరి తీసుకున్నాడు. 

"పైకెక్కేసరికి టైలరు జెండాలోంచి తల బయటపెట్టి 'చూశావా' అన్నాడు. చూశానన్నా. ఆ ఒక్క ముక్కే నేనన్నది. మిగతాదంతా వాళ్ళే అడిగి అడిగి చెప్పించారు. కార్నరా అన్నారు, ఊఁ అన్నా. తలతోనా అన్నారు, ఊఁ అన్నా."

"మరి గోల్‌కీపరు మొహం?"

"అది నాదే," అన్నాడు డ్రైవరు, కొంచెం గర్వంగా.

"ఇప్పుడు నేనేం చెప్పాలి బావా?"

"నీ ఇష్టం. నీదేగా ఇక."

రెండు రోజుల తర్వాత డ్రైవరు పోయాడు.

మ్యాచ్ తారీఖుకి ఇంకా నలభై రోజులున్నాయి. ఆ నలభై రోజులూ ప్లంబరు ఏ ఇంట్లో కుళాయి బిగిస్తున్నా, ఏ సింకు కింద పడుకుని ఉన్నా, గోలు చెప్పుకుంటూనే ఉన్నాడు. ఒక ఇల్లాలు లోపల ఇంకెవరైనా ఉన్నారా అని వంగి చూసింది కూడా. 

మొదట అతనికి మనసొప్పలేదు. బావ చూడలేదు, తనూ చూడలేదు. చూడని మనిషి చూడని మనిషికిచ్చిన గోలు. పైగా బావ చూడలేకపోయింది తనవల్లే. తను ఆ గడియ దగ్గర ఇరుక్కోకపోతే ఆయన దర్జాగా చూసి, దర్జాగా చెప్పుకునేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ సంగతి కడుపులో పెట్టుకుని, ఒక్కనాడైనా నీవల్లేరా అనలేదు. అనుండాల్సింది. అంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. బావ ఎలా చెప్పేవాడో అలాగే చెప్పేద్దాం. కార్నరు, తల, మొహం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. పదకొండు నిమిషాలు అందరూ కూర్చుని తన మాట వింటారు. ఒక్క ఏడాది. తర్వాత సంగతి తర్వాత.

ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు.

షాపులో నలుగురి బదులు ముగ్గురే. డ్రైవరు కూర్చునే స్టూలు మీద టైలరు ఎవరిదో ప్యాంటు మడతపెట్టి ఉంచాడు. స్టూలు ఖాళీగా ఉంటే బాగోదని కాబోలు. గోలు ఎవరు చెప్తారని ఎవరూ అడగలేదు. టైలరు గడియారం పెట్టి విజిల్ వేశాడు. పోస్టుమేను మొదటి సగం చెప్పాడు. కళ్ళజోడు పడింది. టైలరూ పోస్టుమేనూ టీకి వెళ్ళారు. ప్లంబరు కుట్టుమిషనుకి గొడుగు గురించీ, బొమ్మ గురించీ చెప్పాడు. ఈసారి త్వరగా చెప్పేశాడు, మనసు అక్కడ లేదు. మిగిలిన నాలుగు నిమిషాలూ గొంతు సవరించుకున్నాడు.

రెండో సగం మొదలైంది. టైలరు అరవయ్యో నిమిషంలో ఉండగా షట్టరు కింద నుంచి ఎవరో వంగి లోపలికి వచ్చారు. డ్రైవరు కూతురు, అంటే ప్లంబరు మేనకోడలు. ముప్ఫై ఏళ్ళుంటాయి. రక్తపరీక్షల ల్యాబులో సూది గుచ్చే పని. మనుషుల్ని చూస్తే ముందు మోచేతి మడతే చూస్తుంది. ఆమె స్టూలు మీది ప్యాంటు తీసి పక్కన పెట్టి కూర్చుంది.

"పర్మిషన్ పెట్టుకుని వచ్చాను బాబాయ్," అంది టైలరుతో. "గోలు నేను చెప్తాను. నాన్న నాకిచ్చాడు."

టైలరు నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. బంతి మైదానం మధ్యలో ఉంది. ఆయన గడియారం అందుకుని, వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆట ఆపడం అదే మొదటిసారి. మ్యాచ్ రోజు వాన పడినా ఆపలేదు.

"అమ్మాయ్," అన్నాడు. "మీ నాన్న గోలు నాకిచ్చాడు. ఆసుపత్రిలో. ఆదివారం."

"నీకా?" అన్నాడు పోస్టుమేను. "నాకిచ్చాడు మంగళవారం! 'అన్నా, ఇన్నాళ్ళూ చెప్పింది జనం కోసం, అసలుది నీకే చెప్తున్నా' అన్నాడు."

"నాతో ఆ మాటే అన్నాడే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అసలుది ఎలా పడింది మాస్టారూ, మీదాంట్లో?" అన్నాడు పోస్టుమేను.

"ఎడంకాలు. పాతిక గజాల దూరం. చంక దగ్గర కుట్టు ఎలా తిరుగుతుందో, అలా తిరిగి మూలకి వెళ్ళింది. మరి నీదాంట్లో?"

"ఎడంకాలేంటి, కుడికాలు. ఇద్దరు డిఫెండర్ల మధ్య బెత్తెడు సందు. ఆ సందులోంచి డబ్బాలో ఉత్తరం వేసినట్టు జారిపోయింది."

"బెత్తెడు సందులో బంతి ఎలా పడుతుందయ్యా? బంతి కొలత తెలుసా నీకు?"

"నాకు చెప్పినాయన చెప్పాడు. నన్నడుగుతారేం?"

"ఇవన్నీ కాదు," అంది మేనకోడలు. "కుక్క వచ్చింది."

టైలరు చేతిలోని బ్యాటరీ మిషను మీద పెట్టాడు.

"ఏమొచ్చింది?" అన్నాడు టైలరు.

"కుక్క. నా చిన్నప్పట్నుంచీ నాన్న నాకు చెప్పేది ఇదే. వానలో ఒక కుక్క గ్రౌండులోకి వచ్చింది. గోలుకి అడ్డంగా పరిగెత్తింది. అంతే."

"కుక్కకి తగిలిందా బంతి?" టైలరు లేచి నిలబడ్డాడు. "తగిలితే గోలు చెల్లదు! చెల్లకపోతే మనం గెలవలేదు! అమ్మా, ఆలోచించుకుని చెప్పు. తగిలిందా?"

"తగల్లేదు. కీపరు కుక్కని చూస్తూ ఉండిపోయాడు. బంతి పక్కనుంచి వెళ్ళిపోయింది."

టైలరు కూర్చున్నాడు. "అయితే చెల్లుతుంది," అన్నాడు. తర్వాత గుర్తొచ్చి, "అసలు కుక్క లేదు!" అన్నాడు.

"మీరు చూశారా లేదని?"

"నేను జెండా కింద ఉన్నా."

"మరి?"

ఈ పిల్లతో పెట్టుకుంటే తెమలదని టైలరు పోస్టుమేను వైపు తిరిగాడు. "ఆదివారం నాకిచ్చాడు. మంగళవారం నీకిచ్చాడు. ఈ అమ్మాయికి ఎప్పుడో చిన్నప్పుడు ఇచ్చాడు. లెక్కప్రకారం ఆఖర్న ఎవరికిస్తే వాళ్ళదే. కాబట్టి నీది. ఒప్పుకుంటున్నా. నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటున్నా."

పోస్టుమేను మీసం దువ్వుకున్నాడు.

"గురువారం," అన్నాడు ప్లంబరు.

అతను అక్కడున్న సంగతి ముగ్గురూ మర్చిపోయారు.

"ఏంటి గురువారం?"

"నాకు గురువారం ఇచ్చాడు. శనివారం పోయాడు. మధ్యలో శుక్రవారం మాట పడిపోయింది, అక్కని అడగండి."

పోస్టుమేను మీసం మీదినుంచి చెయ్యి తీశాడు. టైలరు వేళ్ళ మీద ఆది, సోమ, మంగళ అని లెక్కపెట్టుకున్నాడు. ఎటునుంచి లెక్కపెట్టినా గురువారమే ఆఖరు.

"సరే, నీదే," అన్నాడు. "ఇన్నాళ్ళకి నీకు ఆట దొరికిందిరా. చెప్పు మరి. నీదాంట్లో ఎలా పడింది?"

ముగ్గురూ ప్లంబరు వైపు తిరిగి కూర్చున్నారు. టైలరు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. పోస్టుమేను కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. ఎవరి చేతుల్లోనూ టీ గ్లాసు లేదు. ఎవరూ గుమ్మం వైపు చూడటం లేదు. నలభై రోజులు సింకుల కింద పడుకుని అతను ఊహించుకున్నది సరిగ్గా ఇదే.

కార్నరు అని మొదలెట్టాలి. నోరు తెరిచాడు.

"మావయ్యా, ఒక్క నిమిషం," అంది మేనకోడలు. సూది గుచ్చేముందు మాట్లాడినట్టు నెమ్మదిగానే అంది. "నువ్వు కుక్క లేకుండా చెప్తే, నాన్న నాకు చెప్పింది అబద్ధమన్నట్టేగా?"

ప్లంబరు నోరు మూశాడు.

"నాకు ఆట తెలీదు," అంది ఆమె. "గోలుపోస్టు ఎన్ని గజాలో నాకక్కర్లేదు. నాన్న పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేవాడు, నేను పడుకున్నాక వచ్చేవాడు. సెలవు దొరికిన రోజు జడ వేస్తూ ఈ కుక్క కథ చెప్పేవాడు. వంకరగా వేసేవాడు. ఆయన నాకిచ్చింది ఏదైనా ఉందంటే ఇదొక్కటే. ఈ బాబాయిలిద్దరూ ఏం చెప్పుకున్నా నాకు పట్టింపు లేదు. నువ్వు చెప్పు. నాన్న అబద్ధం చెప్పే మనిషా?"

ఇప్పుడు ఏం చెప్పాలి? నిజం చెప్తే, మీ నాన్న గోలే చూడలేదమ్మా, నాకోసం తలుపులు కొడుతున్నాడు అనాలి. అప్పుడు ఎడంకాలు పోతుంది, కుడికాలు పోతుంది, కుక్కా పోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పోతాయి. కార్నరు అని చెప్తే గోలు తనకి దక్కుతుంది, ఈ పిల్లకి తండ్రి తగ్గిపోతాడు. బయట ఎవరిదో స్కూటరు స్టార్టు అవక తన్నుకుంటోంది. అది స్టార్టు అయ్యేదాకా ఆలోచిద్దామనుకున్నాడు ప్లంబరు. రెండు తన్నులకే స్టార్టయింది.

"గురువారం నాకిచ్చాడు," అన్నాడు. "ఇచ్చి, 'ఇది అమ్మాయికి చేర్చు' అన్నాడు. నేను మోసుకొచ్చానంతే."

"మోసుకొచ్చావా?" అన్నాడు టైలరు. "మరి ఇందాకట్నుంచి గొంతెందుకు సవరించుకుంటున్నావ్?"

"జలుబు."

"అయితే కుక్క?"

"ఉంది."

"ఎక్కడ చూశావ్? బాత్రూంలో ఉన్నావుగా!"

"చూళ్ళేదు మాస్టారూ. చూశానని నేనన్లేదు." ప్లంబరు నేల చూస్తూ చెప్పాడు. "విన్నాను. పైన వెంటిలేటరుంది. మొరిగింది."

టైలరు అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. చూసింది, విన్నది. రూలు ఆయనదే. తనే పెట్టిన రూలు తనకే అడ్డం వచ్చేసరికి ఆయన గొంతు తగ్గించాడు.

"ఎన్నిసార్లు?"

"రెండు."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"నా వాటా హాఫ్ టైము. అది రెండో సగంలో మొరిగింది."

ఎవరి ముక్క వాళ్ళే చెప్పాలన్నది కూడా టైలరు మాటే.

"నాకిప్పుడు గుర్తొస్తోంది," అన్నాడు పోస్టుమేను, మెల్లగా, పైకప్పు వైపు చూస్తూ. "జెండా మీదపడే ముందు ఏదో గోధుమరంగుది గ్రౌండుకి అడ్డంగా పోయింది. కళ్ళజోడు లేదుగా. లైన్ రెఫరీ అనుకున్నా."

"రెఫరీ నల్లచొక్కా వేసుకుంటాడయ్యా!"

"అదే మరి. ఇన్నాళ్ళూ నాకూ అదే అనుమానం. గోధుమరంగు రెఫరీ ఏంటని."

టైలరు ఇద్దరినీ చూశాడు. ఒకడు చూశాడు, ఒకడు విన్నాడు. ఇద్దరు సాక్షులు. ఎడంకాలికి ఒక్క సాక్షీ లేడు. ఆయన గడియారం తీసుకుని, బ్యాటరీ పెట్టి, ముల్లు సరిచేసి మిషను మీద ఉంచాడు. ఆపిన చోటి నుంచే ఆట మొదలెట్టాడు. అరవై ఒకటి, అరవై రెండు. ఏ పాసూ వదల్లేదు. డెబ్భై ఒకటిలో గాలి లేచింది. జెండా వచ్చి మీద పడింది.

"డబుల్ కుట్టు," అన్నాడు అలవాటుగా. తర్వాత మేనకోడలి వైపు చెయ్యి చాపాడు. "చెప్పమ్మా."

ఆమె చెప్పడం మొదలెట్టింది. చెప్పడం ఆమెకి రాదు. వాన పడుతోందట, బంతి వచ్చిందట, కుక్క వచ్చిందట. అక్కడికి వచ్చి ఆగి, ప్లంబరు వైపు చూసింది. టైలరూ చూశాడు. పోస్టుమేనూ చూశాడు. ఎవరు విన్నది వాళ్ళే చెప్పాలి.

ప్లంబరు గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు.

"భౌ," అన్నాడు. కొంచెం ఆగి, "భౌ."

"కీపరు అటు తిరిగాడు," అంది మేనకోడలు. "గోలు."

పదకొండు నిమిషాల గోలు ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది. మిగిలిన మ్యాచ్ ఎలా నడిచిందో ఆమెకి తెలీదు. తండ్రి కుక్క దగ్గరే ఆపేసేవాడట. అందుకని నలుగురూ గడియారం చూస్తూ ఊరికే కూర్చున్నారు. ఎనభై అయిదో నిమిషంలో హార్బరు వాళ్ళ బంతి గోలుపోస్టుకి తగలాలి. ఎవరి వాటా కాదు కాబట్టి ఎవరూ తగిలించలేదు. గడియారంలో నాలుగు నలభై అయిదు కాగానే టైలరు విజిల్ వేశాడు. గెలిచాం అన్నాడు. అందరూ లేచారు.

మేనకోడలూ ప్లంబరూ బస్టాపు దాకా కలిసి నడిచారు. ఆమె చేతిలో బ్యాగు ఉంది, అతని చేతిలో ఏమీ లేదు. పని లేని రోజు అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. సందు మలుపు దాటాక ఆమె అంది.

"మావయ్యా, నాకు ఆరేళ్ళప్పుడు కుక్కపిల్ల కావాలని ఏడిస్తే, ఇల్లు చాలదని నాన్న ఆ కుక్కని కల్పించాడు. నాకు ఎనిమిదేళ్ళకే తెలిసిపోయింది."

ప్లంబరు నడక ఆపలేదు.

"మరి ఇవాళ ఎందుకొచ్చావ్?"

"మీ నోళ్ళల్లోంచి ఆయన పేరు జారిపోకుండా ఎవరో ఒకరు వచ్చి కూర్చోవాలిగా. ఆయన స్టూలు మీద ప్యాంటు పెట్టారు, చూశావుగా."

"చూశా."

బస్సు దూరంగా వస్తోంది. ఆమె చిల్లర వెతుక్కుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"నువ్వెందుకు చెప్పావ్ మొరిగిందని?"

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపలి జనం జరుగుతున్నారు, ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి అతని జవాబు కోసం ఆగింది. వెనకనున్నవాళ్ళు ఎక్కమ్మా ఎక్కు అంటున్నారు.

"మొరిగిందమ్మా," అన్నాడు ప్లంబరు. "రెండుసార్లు."